కాస్టిక్ సోడా మాత్రం వద్దు సార్

పాత కార్ల ఇంజిన్ భాగాల గురించి బాగా రాశారు గానీ, జిడ్డు వదలడానికి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టమన్నారు చూడండి, అక్కడే నా గుండె గుభేల్‌మంది. సిలిండర్లుండే ఇనప దిమ్మ, అదే బ్లాకు, దానికైతే సరే. అల్యూమినియాన్ని అది తినేస్తుంది. బుసబుసా బుడగలొస్తే మురికి వదులుతోందనుకుంటాం, నిజానికి లోహమే కరిగి హైడ్రోజన్ వస్తూ ఉంటుంది.

మా నాన్న ప్రీమియర్ పద్మినికి బ్లాకు ఇనుము, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు అల్యూమినియం. కావలిలో ఒక షెడ్డులో ఇట్నే పొద్దున ఆ హెడ్డుని కాస్టిక్ సోడా తొట్టిలో వేశారు. సాయంత్రం తీస్తే నల్లగా, గరుగ్గా తేలింది. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య పెట్టే గాస్కెట్ కూర్చునే ముఖం మళ్లీ చదును చేయించాల్సొచ్చింది. నాన్న రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు నేను వాడేది డీజిల్, నైలాన్ బ్రష్షు, ఆనక సబ్బునీళ్లు. అంతే. ఇనప తీగల బ్రష్షు ముట్టను. దాని రజను అల్యూమినియంలో ఇరుక్కుని తుప్పు మచ్చలేస్తుంది, పైగా మాది సముద్రపు గాలి. గాలి ఒత్తిడితో ఇసుక కొట్టే బ్లాస్టింగ్ కూడా హెడ్డుకి చేయించొద్దు. ఆయిల్ దారుల్లో నాలుగు రేణువులు మిగిలినా బేరింగులు గోవిందా.

ఇక అద్దంలా పాలిష్ పట్టే పిచ్చి ఒకటి. బుల్లెట్ బండి కేసింగు కవర్లకి ఆ మెరుపు అందమే, కాదన్ను. హెడ్డుకి మాత్రం అచ్చులోంచి వచ్చిన ఆ బూడిదరంగు గరుకే అసలు రూపం. దాన్ని రుద్ది పోగొడితే మళ్లీ ఎక్కడ తెస్తారు?