ముఖ్య అతిథికి యాంత్రిక స్వాగతం

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో రోబోటిక్స్ టీమ్ ఎందుకుంటుందో ఇంకా తెలియనివాళ్లుంటే చెబుతున్నాను, రాసుకోండి. ముఖ్య అతిథికి బొకే ఇవ్వడానికి. పిల్లలు మాత్రం రోబోకాన్ కోసమని అనుకుంటుంటారు. చిన్నతనం.

రోబోకాన్ 2002లో టోక్యోలో మొదలైంది. ఆసియా పసిఫిక్ దేశాల విద్యార్థుల పోటీ. ఏటా ఒక దేశం ఆతిథ్యమిస్తుంది, తనకు నచ్చిన ఆట పెడుతుంది. 2022లో ఢిల్లీ వంతు వచ్చినప్పుడు మన ఏడుపెంకులాటే పెట్టారు. రోబోలు బంతి విసిరి పెంకులు పడగొట్టాలి, మళ్లీ పేర్చాలి. 2023లో కంబోడియా వాళ్లు స్తంభాలకు రింగులు వేయించారు. 2024లో వియత్నాం వాళ్లు వరినాట్లు వేయించారు. 2025లో మంగోలియా వాళ్లు బాస్కెట్‌బాల్ ఆడించారు. ఇన్నేళ్లలో ఒక్క దేశానికీ బొకే ప్రదానం పెట్టాలని తట్టలేదు. తట్టి ఉంటే కప్పు మన రెండు రాష్ట్రాలు దాటి పోయేదా? వియత్నాం పిల్లలు అన్నిసార్లు కప్పు ఎత్తుకెళ్లారంటే, వాళ్ల కాలేజీలకు ముఖ్య అతిథులు రారని అర్థం.

ఫలానా కాలేజీ సంగతి కదా అని అడక్కండి. మీ కాలేజీ ఏదో మీకు తెలుసు.

కొత్త సీజన్ నియమాల పుస్తకం రాగానే పిల్లలు రోడ్డెక్కారు. కోఠి గుజరాతీ గల్లీలో మోటార్లను నడిపే డ్రైవర్ బోర్డులు బేరమాడి కొన్నారు. రాణిగంజ్‌లో అల్యూమినియం సెక్షన్లు కోయించారు. బాలానగర్‌లో లేత్ మిషన్ పక్కనే నిలబడి మోటారును చక్రానికి కలిపే కప్లింగులు చేయించుకుని, సిటీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. డబ్బులు వాళ్లవే. బిల్లులు అకౌంట్స్ సెక్షన్‌లో ఉన్నాయి. ఇంకా అక్కడే ఉన్నాయి. ఇంతలో ప్రిన్సిపాల్ గారి గది నుంచి పిలుపొచ్చింది. సెప్టెంబరు 15, ఇంజనీర్స్ డే.

“ఏం బాబూ, మన రోబో బొకే ఇస్తుందా?”

అది ప్రశ్న కాదని టీమ్‌కు తెలుసు. కొత్త రోబో కోసం తెచ్చిన మోటార్లు విప్పి, కిందటి సీజన్‌లో బాస్కెట్‌బాల్ వేసిన పాత రోబోకు బిగించారు. పాపం దానికి ఇవ్వడం రాదు, విసరడమే వచ్చు. “కొంచెం మర్యాదగా విసిరేలా చేయండి” అన్నారు హెచ్‌ఓడీ గారు. బొకే బరువుకు రోబో ముందుకు తూలుతుంటే వెనకాల రెండు ఇటుకలు కట్టారు. ఇటుకలు ఫొటోలో పడతాయని వాటి మీద పట్టు కండువా కప్పారు. రిహార్సల్‌లో ముఖ్య అతిథి పాత్ర ఆటలు ఆడించే పీడీ సార్‌ది. ఆయన ఆరడుగుల మనిషి, రోబో చేతిని ఆయన గుండెల ఎత్తుకు సరిపెట్టారు. అసలు అతిథి ఆయన భుజం దాకా వస్తారు.

పదింటికి రావాల్సినవారు ఒంటిగంట దాటాక వచ్చారు. ఏ క్షణాన కారు దిగుతారో అని అప్పటిదాకా రోబోను ఆన్‌లోనే ఉంచమన్నారు, బ్యాటరీ సంగతి ఎవరిక్కావాలి? పంతులు గారు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, రోబోకు నుదురనుకున్న చోట గంధం, కుంకుమ పెట్టారు. అది కెమెరా లెన్సు. కంట్లో కుంకుమ పడ్డ రోబో భక్తిగా ఎడమకు తిరిగి, నాలుగడుగులు వేసి, బొకేను గన్‌మన్‌కు సమర్పించింది. ఆయన కాసేపు అనుమానంగా చూసి, రెండు చేతులా స్వీకరించారు. సభంతా చప్పట్లు. “సార్, వన్స్ మోర్” అన్నాడు ఫొటోగ్రాఫర్. రెండోసారి రిమోట్‌తో ప్రయత్నిస్తే, హాలు నిండా ఉన్న ఫోన్ల మధ్య బ్లూటూత్ చేతులెత్తేసింది. చివరికి సెకండియర్ కుర్రాడొకడు కండువా వెనక నక్కి, రోబోను తోసుకుంటూ వేదిక దాటించాడు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది, ‘మనిషి ప్రమేయం లేకుండా అతిథికి స్వాగతం’ అని.

ఆ తర్వాత ఫ్రెషర్స్ డే, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం రాక, బ్రోచర్ షూటింగ్. ప్రతిసారీ మోటార్లు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. అన్నట్టు, పోటీ పనికి పోయిన గంటలకు అటెండెన్స్ లేదు, 75 శాతం తగ్గితే కండోనేషన్ ఫీజు కట్టాల్సిందే. బొకే రోజు మాత్రం టీమంతటికీ అటెండెన్స్ వేశారు.

ఆ రోబోకు కోడ్ రాసింది మూడో సంవత్సరం అమ్మాయి. లేడీస్ హాస్టల్ గేటు ఆరున్నరకు మూసేస్తారు. అబ్బాయిలకు ల్యాబ్ తెల్లవార్లూ తెరిచే ఉంటుంది. రోబో తడబడకుండా కదిలేలా కోడ్‌లో అంకెలు సరిచేసే పని, అదే పీఐడీ ట్యూనింగ్, సగంలో వదిలేసి ఆమె గేటుకు పరిగెత్తాలి. రాత్రి చక్రం మొరాయిస్తే, వాళ్లు వీడియో కాల్‌లో రోబో ఎటు వణుకుతోందో చూపిస్తారు. హాస్టల్‌లో వైఫై ఆపేసేలోపు ఆమె మంచం మీద కూర్చుని చూసి చెప్పాలి. పొద్దున్నే వచ్చేసరికి ఎవడో తనకు తోచిన అంకె మార్చేసి ఉంటాడు. ఎందుకీ ఆరున్నర అని అడిగితే “నీ భద్రత కోసమేనమ్మా” అంటారు.

మరి ఇంజనీర్స్ డే ముందు రాత్రి? పదకొండు దాకా ల్యాబ్‌లో ఉండొచ్చని సంతకం, స్టాంపుతో సర్క్యులర్ వచ్చింది. వార్డెన్ మేడమ్ టీ కూడా పంపించారు. ఆ రాత్రి భద్రత ఎక్కణ్నుంచి ఊడిపడిందండీ? అదే చీకటి, అదే ల్యాబ్, ఆ అబ్బాయిలే. ముఖ్య అతిథి వస్తుంటే ఏమీ కాని పిల్లకు, పోటీకి ప్రాక్టీస్ చేస్తే ఏదో అయిపోతుందా? ఫీజు దగ్గర ఆరున్నర తర్వాతి గంటలు తీసేసి కట్టించుకున్నారా? కిందటేడు పోటీకి ఢిల్లీ వెళ్లే జట్టులో ఆమె పేరుంది. తోడు మహిళా ఫ్యాకల్టీ ఉండాలన్నారు, ఆ ఫ్యాకల్టీ టికెట్‌కు బడ్జెట్ లేదన్నారు, ఆమెను ఆపేశారు. శాలువాలకు మాత్రం బడ్జెట్ ఉంది. సిగ్గులేని మనుషులు!

మార్చి 8న మళ్లీ కార్యక్రమం. అంశం ‘సాంకేతిక రంగంలో మహిళ’. సాయంత్రం ఆరింటికి మొదలు. ఈసారి రోబో చీర కట్టుకుని బొకే ఇవ్వాలట. చీర రంగు తేల్చడానికి కమిటీ కూర్చుంది. కోడ్ రాసే అమ్మాయికి ఔట్‌పాస్ ఎన్ని గంటల దాకా కావాలంటే అన్ని గంటల దాకా ఇస్తామన్నారు.