మానేసింది మీరే కదమ్మా!

మన కంపెనీలకు తల్లులంటే గౌరవం లేదనేవాళ్ల కళ్లు పోతాయి. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించాక మొదటి ఇద్దరు పిల్లల వరకు ఆ సెలవు 26 వారాలు. అన్ని వారాలూ యాజమాన్యం పళ్ల బిగువున ఓర్చుకుని, ఆమె తిరిగొచ్చేదాకా పల్లెత్తు మాట అనదు. ఇంతకంటే సంస్కారం ఏం కావాలి?

వచ్చాక కూడా తీసేయరు. ఊరికి ఆ చివరున్న బ్రాంచికి మారుస్తారు. పొద్దున ఆరింటి షిఫ్టు వేస్తారు. 50 మంది పనిచేసే చోట పసిపిల్లల్ని ఉంచి చూసుకునే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చట్టం. క్రెష్ ఉంది. కాకపోతే ప్రస్తుతం అందులో పాత ప్రింటర్లు నిద్రపోతున్నాయి, వాటిని లేపకూడదు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలూ ఉన్నాయి. బిడ్డ కూకట్‌పల్లిలో, ఆఫీసు ఉప్పల్‌లో ఉంటే చట్టం మాత్రం ఏం చేస్తుంది?

చివరికి ఆమే రాజీనామా రాస్తుంది. హెచ్‌ఆర్ అమ్మాయి పక్కన కూర్చుని మరీ రాయిస్తుంది: "షిఫ్టు సంగతి ఎందుకక్కా, 'వ్యక్తిగత కారణాల వల్ల' అని పెట్టండి. రిలీవింగ్ లెటర్ తొందరగా వస్తుంది." ఆ వ్యక్తిగత కారణానికి ఇంట్లో అప్పుడే కింది పన్ను మొలుస్తోంది.

ఇక నిరుద్యోగ భృతి. ఉద్యోగుల రాజ్య బీమా, అంటే ఈఎస్‌ఐలో 2018 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. ఉద్యోగం పోతే 90 రోజుల వరకు భృతి ఇస్తారు. మొదట సగటు జీతంలో నాలుగో వంతు ఇచ్చేవారు, 2020లో సగం చేశారు. నెల జీతం 21 వేలు దాటితే ఈఎస్‌ఐయే వర్తించదు కాబట్టి సాఫ్ట్‌వేర్ తల్లులు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు. మిగిలినవాళ్లలో తప్పుచేసి శిక్షగా ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లకు రాదు, స్వచ్ఛందంగా విరమించుకున్నవాళ్లకూ రాదు. సరుకు కాజేసి దొరికిపోయిన స్టోర్ కీపరూ, పాలిచ్చే తల్లీ ఒకే బెంచీ మీద కూర్చోవాలన్నమాట. "మానేసింది మీరే కదమ్మా" అంటే జవాబేముంది? సంతకం ఆమెదే.

అందుకని కాబోయే తల్లులకు నా సలహా. త్వరలో మూతపడబోయే కంపెనీ చూసి చేరండి. రెండేళ్లు పనిచేయండి, జీతం 21 వేలు దాటకుండా జాగ్రత్తపడండి. మీరు సెలవు ముగించుకుని వచ్చిన వారంలోనే ఓనరు షట్టర్ దించేలా ముహూర్తం కుదుర్చుకోండి. సగం జీతం మీదే. అయితే ఈ భృతి జీవితంలో ఒక్కసారే ఇస్తారు కనుక, రెండో కాన్పుకు వేరే ఉపాయం ఆలోచించుకోవాలి.