ఫిట్టు చూసి సీటు

మా అక్క కొడుకు ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు సీటు కోసం రాసే నీట్ పీజీలో ర్యాంకు తెచ్చుకున్నాడు. ఎంతో చెప్పను. చుట్టాల దగ్గర దాచేంత ఘోరమూ కాదు, పెళ్లిలో మైకు పట్టుకుని చెప్పేంత ఘనమూ కాదు. ఇక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. మామూలు పిలకాయలైతే పోయినేడు ఏ ర్యాంకుకు ఏ సీటు వచ్చిందో చూసుకుని, కనపడిన కాలేజీలన్నీ వరసబెట్టి, లాక్ కొట్టి, రంగనాయకులస్వామికి ఒక దణ్ణం పెట్టుకుంటారు.

మావాడు ఎక్సెల్ షీటు తెరిచాడు. గాలి నాణ్యతకు ఒక గడి, జిమ్ము ఎంత దూరమో ఒక గడి, ఫిల్టర్ కాఫీకి ఒకటి, కోల్డ్ కాఫీకి విడిగా ఇంకొకటి, బీచ్, 'వైబ్'. చిట్టచివర ఎర్రక్షరాల్లో ఫిట్.

"జనరల్ మెడిసినా, పిల్లలదా?" అన్నాను.

"అది తర్వాత మామా. ముందు ఊరికీ నాకూ ఫిట్ కుదరాల గదా."

వంటింట్లో చేపల పులుసు చూసుకుంటున్న మా అమ్మ చెవిన ఆ ఒక్క మాటే పడింది. బీరువా తాళంగుత్తితో పరుగెత్తుకొచ్చి వాడి గుప్పిట్లో పెట్టి బిగించింది. "ఎన్నాళ్ల నుంచి వస్తన్నాయి నాయనా ఈ ఫిట్సు?"

"రాలేదమ్మమ్మా. ఫిట్ ఉంటేనే చేరతా."

ఆమె గుండెల మీద చెయ్యేసుకుంది. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టమని మా ఆవిణ్ణి తరిమింది. వీడేమో డాక్టరు కదా, ఉండబట్టలేక, "ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి" అని పాఠం మొదలుపెట్టాడు. "చూశారా, ఎట్ట పడుకోబెట్టాలో కూడా వాడికే తెలుసు" అని తేల్చేసింది అమ్మ. పక్కింటావిడ వచ్చింది. ఎదురింటాయన కారు తీయమంటారా అన్నాడు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. కావలి నుంచి ఒక సంబంధం వస్తానంటూ ఉండింది. ఆ పెళ్లిళ్ల పేరయ్య ఫోను అప్పటినుంచి స్విచ్చాఫ్.

ఈ ఫిట్ వాడికి అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు అంటించిన జబ్బు. అక్కడ పీజీ సీటుకు ఆసుపత్రి వాళ్లు పిలిచి ఇంటర్వ్యూ చేస్తారు. సీటు అడిగే డాక్టరు వాళ్లకు ర్యాంకులిస్తాడు, వాళ్లు ఆ డాక్టరుకిస్తారు, కంప్యూటరు రెండూ కలిపి మార్చిలో మూడో శుక్రవారం ఎవరికెవరో చెబుతుంది. అక్కడ ఒకరికొకరు నచ్చడమనే మాటకు అర్థముంది. ఇక్కడ మనల్ని చూసేదెవరు? ఢిల్లీ కౌన్సెలింగ్ అయినా, విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ అయినా సాఫ్టువేరు చూసేది ర్యాంకు, కేటగిరీ, ఆప్షను. 2023లో కటాఫ్ పర్సంటైల్‌ను ఏకంగా సున్నాకు దించి సీట్లు నింపారే, అప్పుడు కూడా ఎవరి వైబూ అడగలేదు.

షీట్లో తిరుపతికి పదికి తొమ్మిదిచ్చాడు. 2018లో కేంద్రం వేసిన నివాసయోగ్యత ర్యాంకుల్లో అది నాలుగోది, పోనీలే అనుకున్నాను. నెల్లూరుకు నాలుగు! కారణం: దోమలు. నెల్లూరు దోమల్ని తిట్టే హక్కు నెల్లూరులో పన్ను కట్టేవాళ్లకు మాత్రమే ఉంది. ఒంగోలుకు మూడు. ఎండలట, నీళ్లట.

ఒంగోలు గిత్తను కొనేవాడు కూడా మూపురం చూస్తాడు, పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, బేరం తెగితే పగ్గం అందుకుంటాడు. అంతే. ఈ గడ్డ మీది గిత్తలే ఓడెక్కి బ్రెజిల్ పోయి, మా జిల్లా పేరుతో 'నెలోరె' అనిపించుకుని అక్కడ కోట్లల్లో మందలయ్యాయి. అవి ఏ షీటు చూసుకుని పోయాయి? మావాడు తను కొనేవాణ్ణనుకుంటున్నాడు. పగ్గం ఎవరి మెడకో ఇంకా తెలిసినట్టు లేదు.

పోయినేడు అమ్మకు ఆయాసమొస్తే ఒక పెద్దాసుపత్రిలో నాలుగు రాత్రులున్నాం. తెల్లవారుజామున మూడింటికి ఫస్టియర్ పీజీ పిలకాయ ఒకడు వచ్చి బీపీ చూశాడు. పది నిమిషాలకు మళ్లీ వచ్చి చూశాడు. మూడోసారి వచ్చినప్పుడు, "ఇందాకే చూసినావు గదా నాయనా" అంది అమ్మ. వాడు కేస్‌షీటు చూశాడు. రెండుసార్లూ తన చేతిరాతే. ఆక్సిజన్ సిలిండరుకు ఆనుకుని, పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని, నిలబడే నిద్రపోయాడు. చేతిలోని టీ మీద మీగడ కట్టింది. లేచాక మాటల్లో, "మైపాడు బీచ్ బాగుంటుందంట గదా సార్" అన్నాడు. ఊరికొచ్చి ఏడాది కావస్తోంది. సముద్రం గంట దూరం.

బీచ్ గడి ఎందుకురా నీకు? మూడేళ్లు నువ్వు ఊళ్లో ఉంటావా, వార్డులో ఉంటావా?

రెసిడెంట్లకు, అంటే ఇట్టా పీజీ చేస్తూ వార్డుల్లో డ్యూటీ చేసే డాక్టర్లకు, వారానికి 48 గంటలు, ఏకబిగిన 12కు మించకూడదని కేంద్రం 1992లోనే కాగితం మీద రాసింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్, వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్లు ఆలోచించి 48ని 74 చేశారు. ఆ 74 దక్కినా చాలని పిలకాయలు ఎదురుచూస్తున్నారు, సిగ్గుండాలి మనకు! ఐదేళ్లలో 122 మంది వైద్య విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు, అందులో 58 మంది పీజీలు. ఇది ఆ కమిషన్ దగ్గరున్న లెక్కే. సీటు కోసం రాత్రింబవళ్లు చదివి గెలిచిన బిడ్డలు 1,117 మంది పీజీ మధ్యలో వదిలేసి పోయారు. అదే 2024 ఆగస్టులో కలకత్తాలో, ముప్పై ఆరు గంటల డ్యూటీలో ఉన్న డాక్టరు బిడ్డ, నడుం వాల్చడానికి ఒక గది లేక సెమినార్ హాల్లో పడుకుంది. తెల్లారేసరికి లేదు, చంపేశారు. డ్యూటీ రూముకు లోపలి గడియ ఉందా అని అడగాల్సిన దేశంలో కోల్డ్ కాఫీకి గడి గీస్తున్నామురా!

అరిచానట. మా ఆవిడ మంచినీళ్లిచ్చింది.

వాడు కాసేపు పలక్కుండా కూర్చుని, సీనియర్లకు ఫోన్లు మొదలుపెట్టాడు. ఒకచోట డ్యూటీ రూము ఉందట, పాత ఫైళ్లు పెట్టారట. ఇంకోచోట మంచముందట, ముగ్గురికి ఒకటి. ఇంకోడు ప్రశ్న విని నవ్వి పెట్టేశాడు. అర్ధరాత్రి దాటాక ఎట్టకేలకు లాక్ కొట్టాడు.

పొద్దున బ్యాగు సర్దుకుని బయల్దేరుతుంటే, అమ్మ తాళంగుత్తి తెచ్చి దాని జిప్పుకు గట్టిగా ముడేసింది. ఎందుకైనా మంచిదంట. బీరువా తాళం ఆ గుత్తిలోనే ఉంది. నాలుగు రోజులుగా ఉతికిన లుంగీలతోనే నెట్టుకొస్తున్నాను.