బస్తా మీద మొలిచిన ఆకు

విజయవాడలో పచ్చదనం తగ్గిపోయిందని బాధపడేవారు ఒకసారి టైల్స్ షాపులవైపు వెళ్లి రావాలి. టైల్స్ అతికించే అడ్హెసివ్ బస్తా మీద ఆకు. సందులు నింపే గ్రౌట్ ప్యాకెట్టు మీద ఆకు. వాటర్‌ప్రూఫింగ్ డబ్బా మీద ఆకుతో పాటు నీటిబొట్టు కూడా. అది ఏ చెట్టు ఆకో మాత్రం అడగకూడదు. పోర్ట్‌లాండ్ సిమెంటు, క్వార్ట్జ్ ఇసుక, కాస్త పాలిమర్ పొడి, చిటికెడు సెల్యులోజ్ ఈథర్ కలిపి నాటితే ఏ చెట్టు మొలుస్తుందో ఆ చెట్టుదే అనుకోవాలి.

ఉండబట్టలేక ఒక షాపు యజమానిని అడిగాను. "ఎకో ఫ్రెండ్లీ సార్, వీఓసీలు అసలు లేవు" అన్నారు. వీఓసీలంటే మామూలు వేడికే ఆవిరై గాలిలో కలిసే రసాయనాలు. పెయింటు డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాటిదే. నీళ్లు పోసి కలుపుకునే సిమెంటు పొడిలో అవి చెప్పుకోదగినంత ఎన్నడూ లేవు. ఎన్నడూ లేనిదాన్ని లేకుండా చేసినందుకు బస్తాకు అదనంగా పుచ్చుకుంటున్నారు. నా ముఖంలో భక్తి చాలలేదనుకున్నారేమో, కౌంటరు కింద నుంచి లామినేట్ చేసిన కాగితం ఒకటి తీసి చూపించారు. ఐఎస్ 15477. టైలుకు పట్టు ఎంత ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం అది. టైలు ఊడిపడుతుందా లేదా అన్నదే దాని బెంగ, భూగోళం సంగతి దానికి పట్టదు. అయినా లామినేషన్ జరిగాక ఏ కాగితమైనా పర్యావరణ హితమే.

చదువుకున్న కంపెనీలు ఇంత మోటుగా దొరకవు. వారి దగ్గర ఈపీడీ ఉంటుంది, అంటే ఎన్విరాన్‌మెంటల్ ప్రొడక్ట్ డిక్లరేషన్. ఐఎస్ఓ 14025, ఐరోపావారి ఈఎన్ 15804 పద్ధతుల ప్రకారం ముడిసరుకు తవ్వకం నుంచి లెక్క కట్టి, కిలో పొడికి ఇంత కార్బన్, ఇంత నీరు, ఇంత ఇంధనం అని పట్టికలు వేస్తారు. మంచి పనే. కాకపోతే అది లెక్కల పత్రం, యోగ్యతాపత్రం కాదు. లోపల అంకె ఎంత ఘోరంగా ఉన్నా పత్రం పత్రమే. రక్తపరీక్ష చేయించుకున్న మనిషి తనకు షుగరు లేదని ప్రకటించి, ఆ రిపోర్టుకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్నట్టుంది ఈ వ్యవహారం.

అంకె చదివితే తెలిసేది ఒకటే, ఆ పొడి మోసే కార్బన్‌లో పెద్ద వాటా సిమెంటుదని. జగ్గయ్యపేట వైపో పల్నాడు వైపో వెళ్లినవారికి సిమెంటు ఫ్యాక్టరీల గురించి చెప్పనక్కరలేదు. సున్నపురాయిని కాల్చి ఒక టన్ను క్లింకరు, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డ, తీస్తే, రాయి నుంచే దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కాల్చడానికి వాడే బొగ్గు పొగ దానికి అదనం. అలాగని అడ్హెసివ్‌ను పూర్తిగా తీసిపారేయలేం. పాత పద్ధతిలో అంగుళం మందాన సిమెంటు మాలు పరిచేవారు. ఇది మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు చాలు. చదరపు మీటరుకు లెక్క వేస్తే సిమెంటు బాగా తగ్గుతుంది. కంపెనీలు గర్వంగా చెప్పుకోదగిన నిజం ఇదొక్కటే, దీన్ని మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే పళ్లున్న తాపీతో గోడంతా సమంగా పరచాలని, టైలు వెనక అయిదు ముద్దలు పెట్టి నొక్కితే లోపల డొల్ల మిగిలి రెండు వేసవుల్లో ఊడుతుందని, ఊడితే మళ్లీ బస్తాలు, మళ్లీ టైల్స్, మళ్లీ కార్బన్ అని కూడా చెప్పాలి. ఆకు వేయడం సులువు.

ఆ మధ్య బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో టైల్స్ మేస్త్రీలకు హరిత నిర్మాణంపై అవగాహన సదస్సు పెడితే నన్నూ పిలిచారు. ఏసీ ఎంత దట్టించారంటే మేస్త్రీలు తువ్వాళ్లు చెవులకు చుట్టుకున్నారు. వేదిక మీద ప్లాస్టిక్ గడ్డి, ప్లాస్టిక్ చెట్టు, వెనక నిలువెత్తు ఫ్లెక్సీ. కోటు వేసుకున్న వక్త తెర మీద ధ్రువపు ఎలుగుబంటిని చూపించి భూమి వేడెక్కుతోందని చెప్పాడు. మే నెల మిట్టమధ్యాహ్నం బయటిగోడ మీద పరంజా ఎక్కి టైల్స్ వేసే మనిషికి, బెజవాడలో, ఆ సంగతి ఎలుగుబంటి వచ్చి చెప్పాలి. తర్వాత కార్బన్ లెక్క చూపిస్తూ గని దగ్గర మొదలై ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయే బాణం గీత ఒకటి వచ్చింది. వెనక వరసలో పెద్ద మేస్త్రి ఒకాయన లేచి, "గేటు దాటాక ఏమవుతుందండీ?" అన్నారు. అది లెక్క పరిధిలోకి రాదని వక్త చెప్పాడు. "మేముండేది గేటు దాటాకే కదండీ" అన్నారాయన. కంపెనీవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వారికే తెలియాలి. ఆ పైన ప్లాస్టిక్ డబ్బాల్లో బిర్యానీ, ప్లాస్టిక్ కవరు చుట్టిన తులసి మొక్క, ఆకు బొమ్మ ఉన్న పాలియెస్టర్ టీ షర్టు, అదే రంగు టోపీ. అన్నీ ఇచ్చారు. మాస్కు ఇవ్వలేదు.

ఆ టోపీ మళ్లీ ఒక అపార్టుమెంటులో కనిపించింది. పద్దెనిమిదేళ్లు కూడా నిండని కుర్రవాడు దాన్ని పెట్టుకుని, తలుపు మూసిన బాత్రూములో కటింగ్ మిషనుతో టైల్స్ కోస్తున్నాడు. హాల్లోకి దుమ్ము వస్తోందని తలుపు మూయించింది ఇంటివారే. కనుబొమలు, రెప్పలు, ముక్కు కింది నూగు మీసం, అన్నీ తెల్లగా ఉన్నాయి. మూతికి జేబురుమాలు. టైలులో ఉన్నదీ, బస్తా విప్పగానే లేచే పొడిలో ఉన్నదీ సిలికా, ఇసుకలో ఉండే ఖనిజం. కోసేటప్పుడు లేచే ఆ సన్నని ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి వర్గంలోనే చేర్చింది. అదే ధూళి వల్ల సిలికోసిస్ వస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది, దాన్ని నయం చేసే మందు లేదు. బ్లేడు మీద సన్నగా నీటిధార పడే మిషను వాడితే చాలావరకు దుమ్మే లేవదు. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన శాస్త్రం కాదు. ఎందుకు వాడరని కాంట్రాక్టరును అడిగితే, "హాలు తడుస్తుందండీ, ఓనరు ఊరుకోరు" అన్నాడు. హాలు తడవకూడదు కాబట్టి పిల్లవాడు దుమ్ము పీల్చాలి! ఏ పర్యావరణం గురించండీ మీరు మాట్లాడేది? ఆ నాలుగు గోడల మధ్య గాలి పర్యావరణం కాదా? మీ ఈపీడీలోని తప్పనిసరి పట్టికల్లో ఓజోన్ పొరకు గడి ఉంది, ఆ కుర్రవాడు పీల్చే గాలికి లేదు.

కోయగా మిగిలిన ముక్కలు సంచుల్లోకెక్కి చీకటి పడ్డాక బందరు కాలువ గట్టు చేరతాయి. నిర్మాణ వ్యర్థాల నిబంధనలు 2016 నుంచీ ఉన్నాయి, సంచులకు చదవడం రాదు. ఆధారం చూపకుండా సరుకును పర్యావరణ హితమని ప్రచారం చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అనుమానమున్నవారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఆకు మీద ఫిర్యాదు చేయవచ్చు.

ఇల్లు కట్టిస్తున్నవారికి మాత్రం ఒక మాట. బిల్లులో గ్రీన్ అడ్హెసివ్ పేరిట వేసిన అదనపు సొమ్మును కొట్టేయించి, ఆ డబ్బుతో నీటిధార ఉన్న కటింగ్ మిషను అద్దెకు తెప్పించండి. హాలు తడిస్తే తుడిపించుకోండి.