డబ్బా మీద ఐదేళ్లు, గోడ మీద ఎన్నేళ్లు?

ఇంట్లో ఎవరైనా కదిలితే పసిగట్టి లైటు వెలిగేలా చేసే మోషన్ సెన్సర్ కొనేటప్పుడు మొదట కంటబడేది బ్యాటరీ ఆయుష్షు. ఒక డబ్బా రెండేళ్లు అంటుంది, పక్కది ఐదేళ్లు అంటుంది. సహజంగానే చెయ్యి ఐదేళ్ల డబ్బా మీదికే పోతుంది. కార్ల కంపెనీలు చెప్పే మైలేజీ లాంటిదే ఈ అంకె కూడా. అబద్ధమనలేం, కానీ ఏ దారిలో, ఎలా నడిపితే అంత వచ్చిందో డబ్బా మీద ఉండదు. పైగా ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎక్కువ ఏళ్లు వచ్చే సెన్సర్ చాలాసార్లు ఎక్కువసేపు కళ్లు మూసుకునే సెన్సర్.

కాస్త లెక్క వేద్దాం. సీఆర్ 2450 బటన్ సెల్‌లో సుమారు 600 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్, సెల్ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే కొలత) ఉంటుంది. ఐదేళ్లంటే దాదాపు 43,800 గంటలు. ఆ ఒక్క సెల్ ఐదేళ్లు రావాలంటే సెన్సర్ లాగే కరెంటు సగటున 14 మైక్రోఆంపియర్లు (మిల్లీఆంపియర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రోఆంపియర్) దాటకూడదు. చిన్నదైన సీఆర్ 2032లో ఉండేది 220 ఎంఏహెచ్ మాత్రమే, దానికైతే 5 మైక్రోఆంపియర్లే హద్దు. వేడిని బట్టి కదలికను పట్టే పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్‌కు ఈ పొదుపు సాధ్యమే. కదలికను పట్టడానికి అది తనంతట తాను ఏ కిరణాలూ వదలదు. మన ఒంటి వేడి నుంచి వచ్చే పరారుణ కిరణాల్లో మార్పు కోసం కాచుకుని ఉంటుందంతే. ఆ కాపలాకు అయ్యే కరెంటు చాలా తక్కువ. అసలు ఖర్చు ‘ఎవరో కదిలారు’ అని హబ్‌కు (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపే పెట్టెకు) రేడియో ద్వారా కబురు పంపేటప్పుడు.

ఆ కబురు ఏ దారిన వెళ్తుందన్నది బ్యాటరీ సైజు కంటే ముందు చూడాలి. వైఫై సెన్సర్ నిద్ర లేచి, రౌటర్‌కు కనెక్టయి, కబురు చెప్పేసరికి రెండు సెకన్లు పట్టిందనీ, ఆ సేపు 100 మిల్లీఆంపియర్లు లాగిందనీ అనుకుందాం. రోజుకు వందసార్లు ఇలా లేస్తే 5 ఎంఏహెచ్‌కు పైనే పోతుంది. 2,500 ఎంఏహెచ్ ఉండే డబుల్ ఏ సెల్స్ కూడా ఏడాదిన్నర తిరగకుండానే ఖాళీ. స్మార్ట్ పరికరాల కోసమే తక్కువ కరెంటుతో నడిచేలా చేసిన జిగ్‌బీ, థ్రెడ్ రేడియోలు అదే పనిని 10 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో, కొన్ని మిల్లీసెకన్లలో ముగిస్తాయి. తేడా రెట్టింపో మూడింతలో కాదు, ఈ లెక్కన వేల రెట్లు. అందుకే నా మటుకు బ్యాటరీతో నడిచే వైఫై మోషన్ సెన్సర్‌ను మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తాను. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ప్రమాణం ‘మ్యాటర్’. డబ్బా మీద ఆ గుర్తు కనిపించినా ఆగి చూడాలి. మ్యాటర్ థ్రెడ్ మీదా నడుస్తుంది, వైఫై మీదా నడుస్తుంది. గుర్తు ఒకటే, బ్యాటరీ కథ వేరు.

ఇక కళ్లు మూసుకునే సంగతి. చాలా సెన్సర్లు ఒకసారి కదలికను పట్టుకున్నాక కొంతసేపు మళ్లీ పట్టించుకోవు. కొన్నింటిలో ఆ విరామం ఒక నిమిషం. జనం అటూ ఇటూ తిరిగే గదిలో కబుర్ల సంఖ్యను అదుపులో ఉంచేది ఇదే, డబ్బా మీది ఏళ్లను పెంచేదీ ఇదే. కొన్ని మోడళ్లలో ఈ సమయాన్ని మనమే మార్చుకోవచ్చు. తగ్గిస్తే సెన్సర్ చురుకవుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. లైటు ఆరిపోయే టైమర్‌ను ఈ విరామం కంటే తక్కువ పెట్టుకుంటే మనిషి గదిలో తిరుగుతుండగానే చీకటి పడుతుంది. సెన్సర్ పాడైందనుకునే వాళ్లలో కొందరి అసలు బాధ ఇదే. వరండాకు నిమిషం విరామం ఏ లోటూ చేయదు. బాత్రూమ్‌లో అదే చిరాకు పెడుతుంది. కాబట్టి కొనేముందు ఏళ్ల అంకె పక్కన ఈ సెకన్ల అంకెనూ వెతకండి. అది దాచిపెట్టిన కంపెనీ చెప్పే ఐదేళ్లకు నేను పెద్దగా విలువివ్వను.

కదలకుండా కూర్చున్న మనిషిని కూడా పసిగట్టే రాడార్ సెన్సర్ల మీద ఇప్పుడు మోజు ఎక్కువ. పనితనం నిజంగానే బాగుంటుంది. అయితే రాడార్ తరంగాలను తానే పంపాలి. నిరంతరం 50 మిల్లీఆంపియర్లు లాగే రాడార్ డబుల్ ఏ సెల్స్ మీద రెండు రోజులే నడుస్తుంది. బ్యాటరీ రాడార్లు కొన్ని ముందు పీఐఆర్‌తో కాపలా కాసి, అవసరమైనప్పుడే రాడార్‌ను లేపుతాయి. తెలివైన ఏర్పాటే, కాకపోతే రాజీ రాజీయే. చదువుకునే గదికి రాడారే కావాలంటే ప్లగ్ దగ్గర చోటు చూసుకోవడం మేలు.

సెల్ సంగతికొస్తే, సెన్సర్ కాస్త లావుగా ఉన్నా ఫర్వాలేదనుకుంటే నా ఓటు డబుల్ ఏ లేదా ట్రిపుల్ ఏకే. బటన్ సెల్‌ను చలి త్వరగా దెబ్బతీస్తుంది. లోపలి నిరోధం పెరిగి, కబురు పంపే క్షణంలో వోల్టేజీ కుంగిపోతుంది. అలాగని పెద్ద సెల్ వేస్తే ఇరవై ఏళ్లు వస్తుందని కాగితం మీద లెక్కలు కట్టుకోవద్దు. ఆల్కలైన్ సెల్ వాడకుండా ఉంచినా పదేళ్ల ప్రాంతంలో దాని పని అయిపోతుంది, ఈలోగా కారి లోపలి భాగాలను తినేసే ప్రమాదమూ ఉంది. ఏళ్ల తరబడి ముట్టుకోని చోట 1.5 వోల్టుల లిథియం డబుల్ ఏ నయం.

ఇంత చూసి కొన్నా బ్యాటరీని తాగేసే దొంగ ఇంట్లోనే ఉండొచ్చు. జిగ్‌బీ సెన్సర్ తరచూ దగ్గర్లోని స్మార్ట్ బల్బు ద్వారానో ప్లగ్ ద్వారానో హబ్‌తో మాట్లాడుతుంది. ఆ బల్బును ఎవరో గోడ స్విచ్‌తో ఆపేస్తే సెన్సర్ కొత్త దారి వెతుక్కోవాలి. రోజూ ఇదే తంతయితే ఏ కంపెనీ లెక్కా నిలవదు. ఎండ నేరుగా పడే కిటికీకీ, వేడిగాలి వదిలే యంత్రానికీ ఎదురుగా బిగిస్తే మనుషులు లేకపోయినా కబుర్లు వెళ్తూనే ఉంటాయి.

యాప్‌లో కనిపించే బ్యాటరీ శాతాన్ని మాత్రం నమ్ముకోవద్దు. లిథియం సెల్ వోల్టేజీ చాలాకాలం దాదాపు ఒకేలా ఉండి చివర్లో ఒక్కసారిగా జారుతుంది. నిన్న 80 శాతం చూపిన సెన్సర్ ఇవాళ మూగబోవచ్చు. అంతకంటే, ఫలానా సెన్సర్ నుంచి ఒక రోజంతా ఏ కబురూ రాకపోతే ఫోన్‌కు సందేశం వచ్చేలా హబ్‌లో ఒక నియమం పెట్టుకుంటే ఎక్కువ పనికొస్తుంది.