హ్యావ్ అంటే ‘కలిగి ఉండు’ అని నేర్పడం మానాలి

తెలుగు వెబ్‌సైట్లలో కొత్త ఫోన్ గురించి వచ్చే వార్త ఏదైనా తెరవండి. ‘ఈ ఫోన్ 5000 ఎంఏహెచ్ బ్యాటరీని కలిగి ఉంది’ తరహా వాక్యం ఒకటైనా కనిపిస్తుంది. అదే ఫోన్ షాపులో అమ్మే కుర్రాడు ‘దీనికి 5000 బ్యాటరీ ఉందండీ’ అంటాడు. అతను మాట్లాడిందే తెలుగు. ‘కలిగి ఉండు’ అనేది ఇంగ్లిష్ ‘హ్యావ్’కు బడిలో బట్టీ పట్టించే అర్థం. దాని పుణ్యమా అని ఇంగ్లిషూ సరిగ్గా పట్టుబడటం లేదు, రాసే తెలుగూ చెడుతోంది.

నిజానికి వాడుక తెలుగులో ‘హ్యావ్’ పని చేసే క్రియే లేదు. ‘ఉండు’తోనే సరిపెడతాం, తేడా అంతా విభక్తిలో చూపిస్తాం. ‘నాకు కారుంది’ అంటే సొంతం. ‘నా దగ్గర కారుంది’ అంటే ప్రస్తుతం చేతిలో ఉందని. అది బావమరిదిది కూడా కావచ్చు. ‘గదికి రెండు కిటికీలున్నాయి’, ‘అతనిలో ఓపిక ఉంది’ అని కూడా అంటాం. ఈ నాలుగింటికీ ఇంగ్లిష్‌లో హ్యావ్ ఒక్కటే చాలు. చేతిలో ఉందన్న సంగతి విడిగా చెప్పాలంటే చివర ‘విత్ మీ’ తగిలించాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ‘అతనికి ఇద్దరు తమ్ముళ్లున్నారు’ అన్నప్పుడు మన క్రియ తమ్ముళ్లను బట్టి బహువచనమైంది. ఇంగ్లిష్‌లో క్రియ ‘అతను’ను బట్టి నడుస్తుంది. అందుకే పిల్లలు ‘హీ హ్యావ్ టూ బ్రదర్స్’ అని రాస్తారు. ఇద్దరున్నారు కదా, హ్యాజ్ ఎందుకొస్తుందని వాళ్ల లెక్క. ఎర్ర సిరాతో కొట్టేసే ముందు ఆ లెక్క ఎక్కడిదో టీచర్ ఒక్క నిమిషం చెబితే చాలు. ‘డజ్ షీ హ్యాజ్’ మాత్రం వేరే తప్పు. ‘డజ్’ వచ్చాక హ్యాజ్ మళ్లీ హ్యావ్ అయిపోవాలి.

ఇక ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సన్స్’. ‘చేస్తున్నాను’లో ఉన్న ‘ఉన్నాను’ ‘కలిగి ఉన్నాను’లోనూ వినిపిస్తుంది కాబట్టి చెవికి రెండూ ఒకటే అనిపించి, ఐఎన్‌జీ వచ్చి కూర్చుంటుందేమో. తప్పంతా తెలుగు మీదకు తోయలేం. హిందీవాళ్లూ ఇలాగే అంటారు, వాళ్లకూ హ్యావ్ లాంటి క్రియ లేదు. బయటి దేశంలో ఈ వాక్యం వింటే త్వరలో ఇద్దరు మగపిల్లలు పుట్టబోతున్నారని అర్థం చేసుకుంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దాయన డాక్టర్‌తో ‘ఐ యామ్ హ్యావింగ్ షుగర్’ అంటే, చక్కెర తింటున్నాడనుకుంటారు. ‘ఐ హ్యావ్ డయాబెటిస్’ అనాలి. అలాగని రోగాల దగ్గర హ్యావింగ్ ఎప్పుడూ తప్పని కాదు. ‘ఐ యామ్ హ్యావింగ్ చెస్ట్ పెయిన్’ నిక్షేపంలాంటి ఇంగ్లిష్, ఎందుకంటే ఆ నొప్పి ఇప్పుడు వస్తోంది. తినడం, తాగడం, మీటింగ్ జరపడం, ఇబ్బంది పడటం లాంటి జరిగే పనులైతే హ్యావింగ్ పెట్టొచ్చు. సొంతం, చుట్టరికం, ఎప్పుడూ ఉండే జబ్బు అయితే పెట్టకూడదు.

సహాయక క్రియగా వచ్చే హ్యావ్‌కు ‘చేసి ఉన్నాను’ అని అర్థం చెబుతారు. అలా మాట్లాడేవాళ్లను వెతకాలి. మనం ‘తిన్నావా?’ అంటే సరిపోతుంది, ఇంగ్లిష్‌లో అదే మాట ‘డిడ్ యూ ఈట్?’, ‘హ్యావ్ యూ ఈటెన్?’ అని రెండు రకాలుగా చీలుతుంది. ‘నిన్న’, ‘2019లో’ లాంటి గడిచిపోయిన కాలం వాక్యంలో ఉంటే హ్యావ్ రాదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ తప్పు, ‘ఐ సా హిమ్ ఎస్టర్‌డే’ ఒప్పు. దీనికి ఎదురు తప్పు ఇంటర్వ్యూల్లో ఎక్కువ. ‘ఐదేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ను ఉన్నదున్నట్టు దించి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్’ అంటారు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి హ్యావ్ తప్పనిసరి: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. ఎన్నాళ్లుగా అని చెబితే ‘ఫర్’, ఎప్పటి నుంచి అని చెబితే ‘సిన్స్ 2020’.

మనకు సులువుగా పట్టుబడాల్సిన వాడుక ఒకటుంది, బళ్లలో దాన్ని ఆఖరున తూతూమంత్రంగా ముగిస్తారు. చేయించు, కుట్టించు, రాయించు అని మనం రోజూ అనేవాటికి ఇంగ్లిష్‌లో హ్యావ్ వాడొచ్చు. ‘బండి సర్వీసింగ్ చేయించాను’ అంటే ‘ఐ హ్యాడ్ మై బైక్ సర్వీస్డ్’. ముందు హ్యావ్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. వరస తప్పి ‘ఐ హ్యాడ్ సర్వీస్డ్ మై బైక్’ అన్నారో, మెకానిక్ ఎగిరిపోతాడు. స్పానర్ పట్టుకుని మీరే బాగు చేసుకున్నట్టు అవుతుంది.