కార్డ్ వేడెక్కితే టేప్ చుట్టమనే సలహా ఎందుకు తప్పు

కార్పెంటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా బాగా తిరుగుతోంది. విప్పి పెట్టుకునే కార్డ్ (కరెంటు వైరు) ఉన్న మెషీన్, అంటే చెక్కని నునుపు చేసే సాండర్, గాడులు తీసే రూటర్, చిన్న టేబుల్ సా (బల్ల రంపం) లాంటిది, ఆగి ఆగి నడుస్తుంటే కొత్త కార్డ్ కొనడం దండగట. ప్లగ్ కొంచెం వేడెక్కడం మామూలేనట. లూజుగా ఉంటే టేప్ చుట్టాలి, పిన్నులు నల్లబడితే సాండ్ పేపర్‌తో రుద్దాలి, కార్డ్ పూర్తిగా పోతే కంప్యూటర్ కేబుల్ పెట్టాలి, అదీ కుదరకపోతే కోసేసి లోపలికి డైరెక్ట్ ఇచ్చేయాలి. ఏదైనా తేడా వస్తే ఎంసీబీ (బోర్డులో తనంతట తాను పడే స్విచ్) ఎలాగూ పడిపోతుందని చివర్లో ఒక భరోసా. ఆ చివరి మాటతోనే మొదలుపెట్టాలి. మిగతా సలహాలన్నీ ఆ ధైర్యం మీదే నిలబడ్డాయి.

ఎంసీబీ పడదు. షార్ట్ అయినప్పుడో, లోడు మరీ ఎక్కువైనప్పుడో అది పడుతుంది. లూజు కాంటాక్ట్‌లో కరెంటు పెరగదు, నిజానికి కాస్త తగ్గుతుంది. 1400 వాట్ల మెషీన్ 230 వోల్టుల మీద ఫుల్ లోడులో 6 ఆంపియర్ల చిల్లర లాగుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ (లీకేజీకి పడే బ్రేకర్) చూసేది లీకేజీని, 30 మిల్లీఆంపియర్లు బయటికి పోతే పడుతుంది. పిన్నుకీ క్లిప్పుకీ మధ్య పుట్టే వేడి దానికీ కనపడదు. ఇప్పుడు ఆ పిన్ను దగ్గర అర ఓమ్ అడ్డు ఉందనుకోండి. 6 ఆంపియర్ల దగ్గర 6 × 6 × 0.5, అంటే 18 వాట్లు. ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపులో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దాదాపు అంత వేడి శనగగింజంత లోహపు ముక్క దగ్గర పుడుతుంటే చుట్టూ ఉన్నది ప్లాస్టిక్, దాని మీద పేరుకున్నది రంపపు పొట్టు.

“కొంచెం వేడి మామూలే” అన్నదానిలో సగం నిజం ఉంది. ఎంత వేడి అన్నదానికంటే ఎక్కడ వేడి అన్నది ముఖ్యం. గట్టి చెక్క మీద పది నిమిషాలు పని చేశాక కార్డ్ పొడవునా ఒకేలా గోరువెచ్చగా ఉంటే కంగారు లేదు. మిగతా కార్డ్ చల్లగా ఉండి కొస మాత్రమే వేడిగా ఉంటే అది లూజు కాంటాక్టే, లేదా కొస దగ్గర లోపల తీగలు తెగాయి. చూసే పద్ధతి: మెషీన్ ఆపండి, గోడ సాకెట్ నుంచి ప్లగ్ తీయండి, వెంటనే రెండు కొసలూ, మధ్యలో ఒక చోటా చేత్తో పట్టి పోల్చండి. చుట్ట విప్పని ఎక్స్‌టెన్షన్ కూడా వేడెక్కుతుంది గనక ముందు దాన్ని పూర్తిగా విప్పాలి.

అసలు ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో ఫెస్టూల్ అనే జర్మన్ కంపెనీ మెషీన్లకి వచ్చే ప్లగ్-ఇట్ కార్డ్‌లో బాగా కనిపిస్తుంది. దాన్ని లోపలికి నెట్టి, లాక్ పడేదాకా తిప్పాలి. సగం తిప్పి వదిలేసినా మెషీన్ నడుస్తుంది, ఇబ్బంది అక్కడే ఉంది. కాంటాక్ట్ పూర్తిగా పట్టదు, సాండర్ అదురుకి కదులుతూ ఉంటుంది, కదిలినప్పుడల్లా సన్నటి నిప్పురవ్వ. మెషీన్ స్విచ్ ఆన్‌లో ఉండగానే కార్డ్ పెట్టడం, పీకడం చేసినా అదే జరుగుతుంది. రవ్వ పడిన చోట లోహం గరుకుబారుతుంది, గరుకు వల్ల వేడి, వేడికి లోపలి క్లిప్ స్ప్రింగు బిగువు పోతుంది, బిగువు పోతే ఇంకా వేడి. ఒకసారి ఈ చక్రంలో పడిన కాంటాక్ట్ తనంతట తాను బాగుపడదు.

అందుకే టేప్ పనికిరాదు. టేప్ పట్టుకునేది బయటి ప్లాస్టిక్ డొప్పని, బిగువు పోయింది లోపలి క్లిప్‌కి. పైగా వేడి బయటికి పోకుండా కప్పేస్తుంది, రంగు మారుతున్న ప్లాస్టిక్‌ని కనపడకుండా చేస్తుంది. సాండ్ పేపర్ ఇంకా అన్యాయం. పిన్నుల మీద పలచటి పూత ఉంటుంది. రుద్దితే నలుపుతో పాటు అదీ పోతుంది, కింది లోహం త్వరగా మళ్ళీ నల్లబడుతుంది. రుద్దిన రోజు బాగానే నడుస్తుంది కాబట్టే ఈ సలహాకి ఇంత పేరొచ్చింది. మామూలు దుమ్ము అయితే ప్లగ్ తీసేసి పొడి బ్రష్షు, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ చాలు, ఆరాకే పెట్టాలి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టకండి, ఆ జిడ్డుకి పొట్టు ముద్దగా అంటుకుంటుంది.

కార్డ్‌దే తప్పని ఎలా తెలుస్తుంది? ఈ సంగతి ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఆగి ఆగి నడవడానికి మోటారులో అరిగిన కార్బన్లు (కరెంటు అందించే బ్రష్‌లు) కారణం కావచ్చు, స్విచ్ కావచ్చు. చాలామంది వెంటనే ఇంకో మెషీన్ కార్డ్ తెచ్చి పెట్టి చూస్తారు. ఆగండి, ముందు మెషీన్ వైపు పిన్నుల్ని టార్చి వేసి చూడండి. పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం, మెరుపు తేలిన ప్లాస్టిక్, కాలిన వాసన, ఏ ఒక్కటి ఉన్నా మంచి కార్డ్ అందులో పెట్టొద్దు. కాలిన సాకెట్ మంచి కార్డ్‌ని పాడుచేస్తుంది, ఆ కార్డ్ వెళ్ళి ఇంకో మెషీన్‌ని పాడుచేస్తుంది. మార్చాల్సి వస్తే కార్డ్, మెషీన్ వైపు సాకెట్ రెండూ కలిపే మార్చాలి. కొత్త కార్డ్ వేసినా నెలకే కాలిపోయిందంటే, సాధారణంగా పాత సాకెట్ అలాగే ఉంచేసి ఉంటారు.

పిన్నులు శుభ్రంగా ఉంటే మల్టీమీటర్ తీయండి. కార్డ్‌ని రెండు వైపులా విప్పి, ముందు మీటర్ వైర్ల కొసలు రెండూ తాకించి వచ్చిన అంకె గుర్తుంచుకోండి, అది మీటర్ సొంత అడ్డు. తర్వాత ఆ కొసల్ని కార్డ్‌లో ఒకే తీగ రెండు చివర్లకీ తాకించండి. 1 స్క్వేర్ ఎంఎం, 4 మీటర్ల కార్డ్‌లో ఒక్కో తీగ అడ్డు 0.08 ఓమ్ మాత్రమే, కాబట్టి అంకె దాదాపు పెరగకూడదు. అలా పట్టుకునే రెండు కొసల దగ్గరా ఓ జానెడు మేర కార్డ్‌ని అటూ ఇటూ వంచండి. అంకె ఎగిరితే లోపల తీగలు తెగాయి. తెగేది ఎక్కువగా రబ్బరు మెడ అయిపోయే చోటే, మెషీన్‌ని కార్డ్ పట్టుకుని వేలాడదీసేది, లాగేది అక్కడి నుంచే కదా. అంకె కదలకపోతే కార్బన్లు, స్విచ్ చూడండి. ఒక హెచ్చరిక: మీటర్ పంపే కరెంటు చాలా తక్కువ, నాలుగు తీగలు మిగిలినా బాగానే ఉందని చూపిస్తుంది. మీటర్ బాగుందన్నా కొస వేడెక్కుతుంటే చేతినే నమ్మాలి.

ఇక కంప్యూటర్ కేబుల్. ప్లగ్-ఇట్‌లో అది ఎక్కనే ఎక్కదు. ఎక్కేది చిన్న బెంచ్ మెషీన్లలో, కొన్ని డస్ట్ కలెక్టర్లలో. ఆ కనెక్టర్ పేరు సీ13, అంతర్జాతీయ ప్రమాణంలో 10 ఆంపియర్లకి. 1800 వాట్ల సా దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగ్‌లో దానికి కొన్ని రెట్లు. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది గానీ, మానిటర్‌తో వచ్చిన కేబుల్ తొడుగు మీద చూస్తే చాలావాటికి 3×0.75 (మూడు తీగలు, ఒక్కోటి 0.75 స్క్వేర్ ఎంఎం) అనే ఉంటుంది, కొన్నింటికి అంతకన్నా తక్కువ. చవక కేబుళ్ళలో ఆ అంకె కూడా అబద్ధమే. ఎలాగూ పారేసే కేబుల్ ఉంటే ఒక తీగపోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వస్తే రాగి పూసిన అల్యూమినియం. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా వస్తే తగరం పూసిన రాగి, అది మంచిదే. పొడవు సంగతి కూడా ఉంది. 0.75 వైరుతో 30 మీటర్లు లాగితే పోను రాను 60 మీటర్లు, 1.5 ఓమ్‌కి పైనే. 8 ఆంపియర్లకి 12 వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 స్క్వేర్ ఎంఎం అయితే అందులో సగమే. మూడు పిన్నుల సాకెట్ ఉన్న మెషీన్‌కి ఎర్త్ తెగిన కేబుల్ పెట్టడం మాత్రం నేరుగా ప్రాణం మీదికే. ప్లగ్ గోడ నుంచి తీసేసి, దాని లావు పిన్నుకీ మెషీన్ లోహపు ఒంటికీ మధ్య చూస్తే 1 ఓమ్ లోపు రావాలి.

అమెరికా నుంచి తెచ్చుకున్న 120 వోల్టుల మెషీన్ ఉన్నవాళ్ళకి ఒక మాట. అదే వాట్లకి అక్కడ కరెంటు దాదాపు రెట్టింపు, అందుకే అక్కడి ప్లగ్-ఇట్ కార్డులు రెండు మందాల్లో ఉంటాయి, పలచటిది పెద్ద మెషీన్లకి ఎక్కదు. ఎక్కించడానికి గాడి చెక్కేవాళ్ళు ఉన్నారు, చెక్కకండి.

కోసి డైరెక్ట్ ఇవ్వడం గురించి. చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న మెషీన్‌కి ఎర్త్ ఉండదు, రెండు పొరల ఇన్సులేషనే రక్షణ. లోపల మెలిపెట్టి టేప్ చుట్టిన జాయింట్‌తో ఆ రెండో పొర పోయినట్టే. కార్డ్‌ని పట్టి ఉంచే బిగింపూ ఉండదు, ఒక్క గుంజుడికి జాయింట్ ఊడి మోటారు పక్కన పడుతుంది. అచ్చు పోసిన కొసని విప్పి బాగుచేయడం కుదరదు, ఆ కార్డ్ మొత్తం మార్చాల్సిందే.

గోడ వైపు కొస మాత్రం మార్చుకోవచ్చు, చాలాసార్లు అసలు తప్పు అక్కడే ఉంటుంది. యూరప్ రెండు పిన్నుల ప్లగ్ మన 6 ఆంపియర్ల సాకెట్‌లో దూరుతుంది గానీ దాని పిన్ను 4.8 ఎంఎం, మనది 5.1. ఆ కాస్త తేడాకే వదులు, ఆ వదులుకే వేడి. దాన్ని కోసేసి ఐఎస్ఐ గుర్తున్న 16 ఆంపియర్ల త్రీ పిన్ టాప్ వేయండి. తీగల కొసలకి సోల్డర్ పెట్టి స్క్రూ కింద బిగించొద్దు. సోల్డర్ మెత్తన, కొన్నాళ్ళకి నొక్కుకుపోయి స్క్రూ వదులవుతుంది. ఫెర్రూల్ (తీగ కొసకి తొడిగే చిన్న లోహపు గొట్టం) నొక్కండి, లేదా పోగులు మెలిపెట్టి మడిచి బిగించండి. ఎర్త్ తీగ ఉంటే మిగతా రెండింటికన్నా కాస్త పొడవుగా వదలాలి, గుంజినప్పుడు అది ఆఖరున ఊడాలి. కార్డ్ తొడుగు టాప్ లోపలి క్లాంప్ కిందికి వచ్చాకే మూత బిగించండి. వారం పని చేశాక ఆ స్క్రూలు ఇంకోసారి చూడండి.